కుక్కకు దురద ఎందుకు? కారణం వెదికే క్రమం

మన భాషలో ‘గజ్జికుక్క’ అనే మాటను తిట్టుగా వాడుతాం. వెంట్రుకలు రాలిపోయి, చర్మం నల్లబడి, ఎప్పుడూ గోక్కుంటూ ఉండే కుక్క కనిపిస్తే చాలు, దానికి గజ్జి పట్టిందని తేల్చేసి తరిమేస్తాం. పెంచుకున్న కుక్కకే ఆ గతి పడితే, నిన్నటిదాకా ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాళ్లే దానిని ఊరవతల వదిలి వస్తారు. అయితే గోక్కునే ప్రతి కుక్కకూ గజ్జి ఉండదు. చాలావాటికి ఉండేది ఎలర్జీ. గజ్జి ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుంది, ఎలర్జీ అంటుకోదు. గజ్జి కొన్ని వారాల వైద్యంతో పూర్తిగా పోతుంది, ఎలర్జీని మాత్రం చాలాసార్లు జీవితాంతం అదుపులో పెట్టుకుంటూ రావాలి. రెండింటికీ మందులు వేరు. ఒకదాని మందు మరొకదానికి వాడితే జబ్బు ముదరవచ్చు. కనుక దురదతో బాధపడే కుక్కకు ఉపశమనం మందుల కొట్టులో మొదలుకాదు, కారణాన్ని వెదకడంతో మొదలవుతుంది. ఆ వెదికే క్రమం ఏమిటో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

పాండేసరలో ఒక కుక్క

పాఠానికి ఒక చోటు కావాలి కాబట్టి గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని తీసుకుందాం. తపతీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ నగరానికి తెలంగాణ జిల్లాల నుంచి నేతపనివారు తరతరాలుగా వలస వెళ్లారు. అక్కడి పాండేసర బట్టల అద్దకం, ముద్రణ మిల్లులకు పేరుపొందిన పారిశ్రామిక ప్రాంతం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ భారీ వర్షాలు, మిగతా కాలంలో కూడా గాలిలో తేమ. ఈ తేమ సంగతి గుర్తుపెట్టుకోండి, మన పాఠంలో దానితో చాలా పని ఉంది.

పాండేసరలో సిరిసిల్ల వైపు నుంచి వెళ్లిన ఒక కుటుంబం ఉన్నదని, వారింట మోతీ అనే రెండేళ్ల కుక్క ఉన్నదని ఊహించుకుందాం. వానలు మొదలైనప్పటి నుంచి మోతీ రాత్రంతా గోక్కుంటోంది. నాకి నాకి పాదాలు ఎర్రబడ్డాయి. చెవుల్లోంచి పులిసిన వాసన వస్తోంది. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రికి పగలు కూడా దాని గోకుడు చప్పుడుకు నిద్ర పట్టడం లేదు. “దీన్ని ఎక్కడన్న ఇడిసిపెట్టొస్త” అంటున్నాడాయన. పదో తరగతి చదివే కూతురు “వద్దు బాపూ, ఒక్కసారి డాక్టరుకు చూపిద్దాం” అంటోంది. మోతీ ఆ ఇంట్లో ఉంటుందా, వీధిన పడుతుందా అన్నది కారణం తేలడంపై ఆధారపడి ఉంది.

దురద ఎలా పుడుతుంది?

చర్మంలో సన్నని నాడీ తంతువులు ఉంటాయి. వాటిలో కొన్ని దురద సంకేతాన్ని వెన్నుపాము ద్వారా మెదడుకు చేరవేస్తాయి. గోకినప్పుడు కలిగే స్వల్పమైన నొప్పి ఆ సంకేతాన్ని వెన్నుపాములోనే కాసేపు అణచివేస్తుంది. అందుకే గోక్కుంటే హాయిగా ఉంటుంది. కాని గోళ్లకు చర్మం చిట్లుతుంది. చిట్లిన చోట వాపు వస్తుంది, సూక్ష్మజీవులు చేరతాయి. ఆ వాపు వల్ల మళ్లీ దురద పుడుతుంది. దీనినే దురద-గోకుడు వలయం అంటారు. మొదట దురద పుట్టించిన కారణం తొలగిపోయినా, ఈ వలయం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది.

కుక్క చర్మం మనం అనుకునేంత గట్టిది కాదు. మన చర్మపు పైపొరలో సుమారు 10 నుంచి 15 వరుసల కణాలు ఉంటే, కుక్కలో 3 నుంచి 5 వరుసలే ఉంటాయి. దానికి రక్షణ ప్రధానంగా వెంట్రుకలే. వెంట్రుకలు రాలిన చోట చర్మం సులభంగా దెబ్బతింటుంది.

ఎలర్జీ అంటే ఏమిటి?

ఎలర్జీ చరిత్రలో కుక్కలకు పెద్ద స్థానమే ఉన్నది. 1901లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషంపై పరిశోధన మొదలుపెట్టారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా ఇస్తే కుక్కలు దానికి అలవాటుపడతాయని వారు ఆశించారు. జరిగింది దానికి తలకిందులుగా ఉంది. మొదటి మోతాదును తట్టుకున్న కుక్కలు, కొన్ని వారాల తరువాత ఇచ్చిన చిన్న మోతాదుకే నిమిషాలలో కుప్పకూలాయి. శరీరాన్ని కాపాడవలసిన వ్యవస్థే శరీరానికి హాని చేయగలదని అప్పుడు తెలిసింది. వారు ఈ సంగతిని 1902లో ప్రకటించారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ‘ఎలర్జీ’ అనే పేరును 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు. ఈ శాస్త్రపు తొలి పాఠాన్ని కుక్కలే ప్రాణాలిచ్చి మనకు నేర్పాయన్నమాట.

శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. దుమ్ము, పుప్పొడి వంటి హానిలేని పదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడుతుంది. దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఇవి చర్మంలోని మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. అదే పదార్థం మళ్లీ వచ్చి తగిలినప్పుడు మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఎరుపు, వాపు, దురద వస్తాయి. అయితే కుక్కలలో హిస్టమిన్ పాత్ర పరిమితం. 2004లో శాస్త్రజ్ఞులు ఇంటర్‌ల్యూకిన్-31 అనే మరో ప్రోటీనును వర్ణించారు. అది దురద నాడులను నేరుగా ప్రేరేపిస్తుందని, ఎలర్జీ ఉన్న కుక్కలలో దాని పాత్ర ముఖ్యమైనదని తరువాత తెలిసింది. మనకు పనిచేసే హిస్టమిన్ విరుగుడు మాత్రలు కుక్కలకు అంతగా పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక కారణాన్ని వెదుకుదాం. పశువైద్యుడు సులభంగా తేలేవాటిని ముందు చూసి, కష్టమైనవాటిని తరువాత చూస్తాడు. ఒక్కొక్కటే తీసివేసుకుంటూ పోతాడు. గణితంలో తప్పు జవాబులను కొట్టివేసి సరైనదాన్ని పట్టుకోవడం వంటిదే ఇది.

మొదటి మెట్టు: ఫ్లీ పురుగులు

ఫ్లీ అనేది రెక్కలు లేని, గెంతే చిన్న పురుగు. పిడుదు చర్మానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. ఫ్లీ మాత్రం వెంట్రుకల మధ్య పరుగెత్తి మాయమవుతుంది. దాని లాలాజలానికి ఎలర్జీ ఉన్న కుక్క కొద్దిపాటి కాట్లకే విపరీతంగా గోక్కుంటుంది. ముఖ్యంగా తోక మొదలు, నడుము వెనుకభాగం, తొడల మీద వెంట్రుకలు ఊడిపోతాయి.

దీనికి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఉంది. తెల్లకాగితం పరచి కుక్క వెంట్రుకలను సన్నని దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లని నలుసుల మీద నీటిచుక్క వేయండి. నలుసు చుట్టూ ఎర్రటి గోధుమరంగు వ్యాపిస్తే అది మట్టి కాదు. ఫ్లీ తాగి విసర్జించిన రక్తం.

ఫ్లీని నిర్మూలించాలంటే కుక్కకు మందు వేస్తే సరిపోదు. ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. గుడ్లు కుక్క మీద నిలవక పడకలో, నేల పగుళ్లలో రాలిపోతాయి. మొత్తం ఫ్లీ సంతతిలో కుక్క మీద కనిపించే పెద్ద పురుగులు సుమారు 5 శాతమే. మిగిలిన 95 శాతం గుడ్లు, లార్వాలు, ప్యూపాల రూపంలో ఇంట్లో ఉంటుంది. వెచ్చదనం, తేమ ఉన్నచోట మూడు నాలుగు వారాలలో కొత్త తరం వస్తుంది. ప్యూపాలు నెలల తరబడి పొంచి ఉండగలవు.

ఈ పాఠాన్ని సూరత్ నగరం మరోవిధంగా చదువుకున్నది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు చెలరేగింది. యాభైమందికి పైగా మరణించారు. లక్షలాది ప్రజలు నగరం విడిచిపోయారు. ప్లేగు బాక్టీరియాను ఎలుకల నుంచి మనుషులకు చేర్చేవి ఎలుకల మీద ఉండే ఫ్లీలు. అవి వేరే జాతివి, మన మోతీ మీద ఉండేవి కావు. ఊపిరితిత్తులకు సోకిన ప్లేగు ఆ తరువాత శ్వాస ద్వారా కూడా వ్యాపిస్తుంది. మందులతో రోగులకు చికిత్స జరిగింది. కాని నగరం రూపు మారింది మాత్రం 1995లో కమిషనరుగా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపు, మురుగు పారుదలపై పట్టుబట్టి పనిచేయించిన తరువాతే. రోగికి ఎంత చికిత్స అవసరమో పరిసరాలకూ అంత చికిత్స అవసరం. ఇంట్లో ఫ్లీల విషయంలోనూ సూత్రం ఇదే. కుక్కకు వైద్యుడు చెప్పిన మందు క్రమం తప్పకుండా వేస్తూ, దాని పడకగుడ్డను వారం వారం వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి, మూలలు ఊడ్వాలి, ఇంట్లోని ఇతర పెంపుడు జంతువులకూ మందు వేయాలి. ఇది కనీసం మూడు నెలలు సాగాలి.

రెండో మెట్టు: గజ్జి, సూక్ష్మజీవులు

గజ్జికి కారణం సార్కాప్టిస్ అనే మైట్. ఇది ఎనిమిది కాళ్లు గల, కంటికి ఆనని జీవి. చర్మంలో సొరంగాలు చేసుకుని బతుకుతుంది. చెవి అంచులు, మోచేతులు, వెనుక కాళ్ల మడమల దగ్గర పొట్టు కట్టడం దీని గుర్తు. ఇంట్లో మనుషులకు కూడా ఎర్రని దద్దుర్లు వస్తే గజ్జిని అనుమానించాలి. డెమోడెక్స్ అనేది మరో రకం మైట్. ఇది వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది, ఇతరులకు అంటుకోదు. వైద్యుడు చర్మాన్ని సున్నితంగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూస్తాడు. గజ్జి మైట్ ఒక్కోసారి పరీక్షలో దొరకదు కనుక, అనుమానం బలంగా ఉంటే మందు వేసి ఫలితం చూస్తారు. 2013 తరువాత వచ్చిన ఐసాక్సజోలిన్ తరగతి మాత్రలు ఫ్లీలు, పిడుదులు, ఈ మైట్లపై బాగా పనిచేస్తున్నాయి. మూర్ఛలు ఉన్న కుక్కలకు మాత్రం వాటిని వైద్యుని సలహా లేకుండా ఇవ్వరాదు.

గోకిన గాయాల్లో స్టెఫిలోకాకస్ బాక్టీరియా, మలసీజియా అనే ఈస్టు పెరుగుతాయి. జిడ్డు, పులిసిన వాసన, నల్లబడిన చర్మం ఈస్టుకు గుర్తులు. మోతీ చెవుల్లో ఉన్నది బహుశా ఇదే. వీటికి చికిత్స చేయగానే చాలా కుక్కలకు సగం దురద తగ్గుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం చాలాసార్లు లోపల ఎలర్జీ ఉన్నదని అర్థం.

మూడో మెట్టు: తగిలేవి

అద్దకం మిల్లులున్న చోట ఒక ప్రశ్న తప్పక వేసుకోవాలి. కుక్క ఎక్కడ తిరుగుతోంది? ఏ నీటిలో నడుస్తోంది? 2017 ఆగస్టులో నవీ ముంబై దగ్గరి తలోజా పారిశ్రామికవాడలో వీధికుక్కలు నీలిరంగులో కనిపించి దేశమంతా వార్త అయింది. ఫ్యాక్టరీ రంగు వాటి ఒంటికి అంటుకుంది. రంగులు, క్షారాలు, ఫినాయిలు వంటివి చర్మాన్ని నేరుగా మండిస్తాయి. ఇది నిజమైన ఎలర్జీ కాకపోయినా చూడటానికి అలాగే ఉంటుంది. పాదాలు, పొట్ట కింది భాగం వంటి వెంట్రుకలు తక్కువ ఉన్నచోట్లే ఎక్కువగా కనిపిస్తుంది. బయట నుంచి రాగానే పాదాలు మంచినీటితో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవడం దీనికి మొదటి చికిత్స. ఇల్లు తుడిచిన నేల ఆరేదాకా కుక్కను దానిపై పడుకోనివ్వకూడదు.

నాలుగో మెట్టు: ఆహారం

“మా కుక్కకు మాంసం పెట్టం, రొట్టెలు పాలే కదా, ఇంకేం ఎలర్జీ?” అని చాలామంది అంటారు. శాస్త్రం చెప్పేది వేరు. ఆహారపు ఎలర్జీ ఉన్న 297 కుక్కల సమాచారాన్ని పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక సమీక్షలో గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17 శాతం, కోడిమాంసం 15 శాతం, గోధుమ 13 శాతం కుక్కలలో కారణంగా తేలాయి. అంటే పాలలో నానబెట్టిన గోధుమ రొట్టెలో రెండు ముఖ్యమైన అనుమానితులు ఉన్నారన్నమాట. పైగా ఎలర్జీ వచ్చేది కొత్త తిండికే కానవసరం లేదు. రోజూ తినేదానికి కూడా రావచ్చు.

రక్తపరీక్షలతో ఆహారపు ఎలర్జీని నమ్మకంగా నిర్ధారించలేం. నమ్మదగిన పద్ధతి ఒక్కటే. కుక్క అంతకుముందు ఎన్నడూ తినని ప్రోటీనును, వైద్యుడు సూచించిన ప్రకారం, ఎనిమిది వారాలపాటు అదొక్కటే పెట్టాలి. ఆహారపు ఎలర్జీ ఉన్న కుక్కలలో 90 శాతానికి పైగా ఈ ఎనిమిది వారాలలో తేరుకుంటాయి. ఆ తరువాత పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తే కారణం దొరికినట్టే. ఈ మధ్యలో పక్కింటివారు వేసిన బిస్కెట్టు ముక్క, పిల్లలు పారేసిన రొట్టె ముక్క తిన్నా పరీక్ష చెడిపోతుంది. కాబట్టి వాడలో అందరికీ ముందే చెప్పుకోవాలి.

అయిదో మెట్టు: గాలి, దుమ్ము

పై నాలుగూ కాదని తేలిన తరువాత మిగిలేది పరిసరాల ఎలర్జీ. దీనిని ఎటోపిక్ డెర్మటైటిస్ అంటారు. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో మొదలవుతుంది. పాదాలు, ముఖం, చెవులు, చంకలు, గజ్జలు దీని స్థానాలు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్ వంటి జాతులలో ఎక్కువ. దేశవాళీ కుక్కలకూ వస్తుంది. కారణాలు ఇంటిదుమ్ములో బతికే మైట్లు, బూజు, పుప్పొడి. దుమ్ము మైట్లు నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. కనుక తేమగల సూరత్ వంటి తీరప్రాంతంలో, గాలి వెలుతురు తక్కువైన గదిలో, పాత పరుపుల మధ్య వాటికి పండుగే. వాననీరు దిగిన గోడలకు బూజు. ఇప్పుడు మోతీ లక్షణాలను మళ్లీ చూడండి. రెండేళ్ల వయసు, ఎర్రబడిన పాదాలు, చెవులు, వానల్లో మొదలు. ఇవన్నీ ఇటువైపే వేలు చూపుతున్నాయి. అయినా పై మెట్లు దాటకుండా ఈ నిర్ణయానికి రాకూడదు.

ఉపశమనం ఇచ్చే మార్గాలు

ఎటోపీ పూర్తిగా పోదు. కాని కుక్క హాయిగా నిద్రపోయేంత అదుపు సాధ్యమే. ఒక్క మందుతో కాక, కొన్నింటిని కలిపి ఈ పని సాధిస్తారు.

స్నానం: వారానికి ఒకసారి, చల్లని లేదా గోరువెచ్చని నీటితో, కుక్కల షాంపూతో చేయించాలి. మందు షాంపూ అయితే పది నిమిషాలు ఒంటిపై ఉంచి కడగాలి. ఒంటికి పట్టిన దుమ్ము, పుప్పొడి పోతాయి.

స్టెరాయిడ్లు: ప్రెడ్నిసొలోన్ వంటివి చవక, త్వరగా పనిచేస్తాయి. కొద్దిరోజులకు మంచివే. నెలల తరబడి వాడితే దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి, కండరాలు క్షీణిస్తాయి, చర్మం పలచబడుతుంది. చాలాకాలం వాడినవాటిని హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. ‘దురద సూది’ పేరుతో పదేపదే వేయించేది చాలాసార్లు ఇదేనని గుర్తుంచుకోండి.

కొత్త మందులు: ఓక్లాసిటినిబ్ అనే మాత్రకు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది ఇంటర్‌ల్యూకిన్-31 సంకేతాన్ని కణం లోపల అడ్డుకుంటుంది. తరచు ఒక్క రోజులోనే దురద తగ్గుతుంది. ఏడాది లోపు పిల్లలకు ఇవ్వరు. లోకివెట్‌మాబ్ అనే సూది ఆ ప్రోటీనునే పట్టి బంధిస్తుంది, సుమారు నెలకొకసారి వేస్తారు.

ఇమ్యునోథెరపీ: ఏ పదార్థానికి ఎలర్జీయో పరీక్షించి, దానినే అతి కొద్ది మోతాదులో క్రమంగా ఇస్తూ శరీరాన్ని అలవాటు చేస్తారు. ఫలితానికి ఏడాది దాకా పట్టవచ్చు. సుమారు పదింటిలో ఆరు కుక్కలకు మేలు కలుగుతుంది. మూలకారణంపై పనిచేసే వైద్యం ఇదొక్కటే.

చేయకూడనివి

వాడిన ఇంజను ఆయిలు, కిరోసిన్ పూయడం మన ఊళ్లలో పాత అలవాటు. అవి చర్మాన్ని కాలుస్తాయి, కుక్క నాకినప్పుడు కడుపులోకి, ఊపిరితిత్తులలోకి విషంగా పోతాయి. టీ-ట్రీ నూనె కూడా కుక్కలకు విషమే. మనుషుల జలుబు మాత్రలలో ఎలర్జీ మందుతోపాటు ముక్కుదిబ్బడ తగ్గించే మందులు, పారాసిటమాల్ కలిసి ఉంటాయి. అవి కుక్కకు ప్రాణాంతకం కావచ్చు. మనం పూసుకునే చర్మపు క్రీములను కుక్క నాకేస్తుంది. కొలీ జాతి కుక్కలలో ఒక జన్యుమార్పు వల్ల ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో మెదడుకు చేరి ప్రమాదం తెస్తుంది. ఈ సంగతి 2001లో బయటపడింది. కనుక ‘వాళ్ల కుక్కకు పనిచేసింది’ అన్నది మందు వేయడానికి కారణం కాదు.

మీరు చేయగలిగేది

ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయండి. కుక్క ఎంత గోక్కుంది, సున్నా నుంచి పది వరకు ఒక అంకె. ఎక్కడ గోక్కుంది. ఏం తిన్నది. వాతావరణం ఎలా ఉంది. నెల తిరిగేసరికి అది వైద్యునికి విలువైన ఆధారమవుతుంది. సూరత్ దగ్గర నవసారిలో, మన దగ్గర హైదరాబాదు రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అలాంటి చోటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకువెళ్లండి.

మోతీ విషయంలో ఇంట్లోవారు చేయవలసింది ఇదే. ముందు చెవుల ఈస్టుకు చికిత్స, ఫ్లీ మందు, పడకగుడ్డల శుభ్రత. ఆ తరువాత ఎనిమిది వారాల ఆహార పరీక్ష. అప్పటికీ దురద మిగిలితే ఎటోపీకి వైద్యం. ఈ మధ్యలో నిద్రపట్టేటంత ఉపశమనానికి వైద్యుడు మందు ఇస్తాడు. అలా చేస్తే ఆ తండ్రికీ నిద్ర దొరుకుతుంది, మోతీ కూడా ఇంట్లోనే ఉంటుంది. ఇకమీదట వీధిలో గోక్కుంటున్న కుక్క కనిపిస్తే, తిట్టే ముందు ఒక్క క్షణం ఆగి, అది అయిదు మెట్లలో ఏ మెట్టు మీద ఉందో ఆలోచించండి.